ట్యూబు ఉంచుటయా, తీసివేయుటయా?

1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయము వలన వేటపాలెము పేరు ఎరిగినవారు అనేకులు. ఇక్కడి ఇసుకను, పల్లేరుగాయలను ఎరిగినవారు తక్కువ. కొండ అన్నది లేని ఈ ఊరిలో మా అన్నదమ్ములిద్దరికి కలిపి ఉన్న ఒకే వాహనము కొండలెక్కు సైకిలు. బంధువులొకరు వాడి విడిచినది. లావు టైర్లను చూచి మురిసి తెచ్చుకొన్నాము.

నిరుడు పరీక్షనాడు చీరాల పోవు దారిలో వెనుక చక్రము గాలి విడిచినది. అరగంట ఆలస్యముగా హాలులో అడుగుపెట్టినాము. మాలో చిన్నవాడు ఆ పేపరు తప్పినాడు. నేరము ముల్లుదేనని వాని వాదన; చదువని పాఠములకు ముల్లు బాధ్యత వహింపదని పెద్దవాని వాదన. ఏమైనను, ఇక ట్యూబులేని టైర్లు వేయించవలెనని ఇంట ప్రస్తావన వచ్చినది. జీడిపిక్కలు కొట్టి కూడబెట్టిన సొమ్మును అమ్మ మా ముందుంచినది. ఆమె వేళ్ళకు జీడి మరకలు అట్లే ఉన్నవి. వానిని చూచిన తరువాత తొందరపడి నిర్ణయింపలేకపోయినాము.

డన్‌లప్ 1888లో తన కుమారుని మూడు చక్రాల బండికి గాలి టైరు అమర్చిననాటి నుండి ముల్లుకు, గాలికి వైరమే. కొండ సైకిళ్ళకు ట్యూబులేని పద్ధతి 1999లో బజారుకు వచ్చినది. రిమ్ము రంధ్రములను పట్టీతో మూసి, టైరు అంచు రిమ్మును బిగబట్టునట్లు చేసి, లోపల రబ్బరుపాల ద్రవము పోయుదురు. ముల్లు దిగినచోట ఆ ద్రవము గాలితోపాటు పైకివచ్చి, గడ్డకట్టి, బెజ్జము మూసివేయును. గాలి తగ్గించి ఇసుకలో హాయిగా నడుపవచ్చును. ట్యూబు రాతికి, రిమ్ముకు నడుమ నలుగునన్న భయము లేదు. చిన్నవానికి ఇదంతయు కంఠస్థము. (పాఠములు కూడ ఇట్లే వచ్చియున్న బాగుండెడిది!) అయితే ఆ ద్రవము కొన్ని నెలలకు ఎండిపోవును, మన ఎండలకు మరింత త్వరగా.

చివరకు పంక్చర్ల తాత వద్దకు పోయినాము. తన బేరము పోవునని వద్దనునేమో అని అనుమానించిన మాట నిజము, అందుకు సిగ్గుపడుచున్నాము. ఆయన టైరు విప్పి, లోపల గుడ్డ పెట్టి చుట్టూ త్రిప్పినాడు. గుడ్డ ఒకచోట చిక్కుకొన్నది. విరిగిన ముల్లుమొన! ఆ నెలలో వచ్చిన మూడు పంక్చర్లు దాని పనే. ఇంటివద్ద మేమే అతుకులు వేసుకొని మురిసినందున దానిని కనిపెట్టలేదు.

"మీ రిమ్ముకు ఆ అంచు లేదు బాబూ. కొత్త చక్రాలే కొనాలి. పైగా ఒక్క ఊపున గాలి కొట్టే మిషను నా దగ్గర లేదు. దారిలో టైరు ఊడితే నా దగ్గరకు తోసుకొచ్చినా లాభం లేదు. ఆ మందేదో ట్యూబులోనే పోయించుకోండి" అన్నాడు.

అట్లే చేసినాము. మిగిలిన సొమ్ము అమ్మకు తిరిగి ఇచ్చినాము. తప్పిన పేపరు ఫీజుకని ఆమె దాచినది. చిన్నవానికి తృప్తి లేదు. ఉద్యోగము రాగానే కొత్త చక్రాలు వేయించెదననుచున్నాడు. అంతవరకు ప్రతి ఆదివారము టైరులో గుడ్డ త్రిప్పుట వాని వంతు.