అడ్డాకు మడతలు

నర్సీపట్నం దాటి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు వెళ్లే దారిలో చెట్లని పట్టుకుని పైపైకి పాకిపోయే తీగ ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. అడ్డతీగ. దాని ఆకు నడిమికి చీలి రెండు రెక్కలుగా ఉంటుంది. ముదురాకైతే రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినా దాన్ని కప్పలేం. మైదానంలో పెళ్లిభోజనాలకు విస్తళ్లయ్యేది ఈ ఆకే. ఏజెన్సీలో బగతలు, కొండదొరలు, కోందులు దీన్ని అడవి నుంచి కోసుకొచ్చి, ఆరబెట్టి, కట్టలు కట్టి సంతల్లో అమ్ముతారు. ఇంట్లో వాడుకోవడానికైతే పచ్చాకే చాలు.

డొప్ప కుట్టే చేతిని దగ్గర్నుంచి చూడాలి. ఆకు అంచుని ఒకచోట చిన్న కుచ్చుగా లోపలికి మడుస్తారు. అది విడిపోకుండా సన్నటి వెదురు ఈనె గుచ్చి, మిగిలిన ముక్క తుంచేస్తారు. ఎదురుగా ఇంకో కుచ్చు, ఇంకో ఈనె. అంతవరకూ చాపలా పరుచుకున్న ఆకు చటుక్కున లేచి గిన్నె అవుతుంది. జావ పోసినా కారదు. కత్తెరతో పని లేదు, జిగురుతో అంతకన్నా లేదు. ఆకు సాగేది కాదు కదా. అంచులో కొంత భాగం కుచ్చు కింద దాక్కుంటే చుట్టుకొలత తగ్గిపోతుంది, మధ్యభాగం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అలాంటప్పుడు ఆకు చదునుగా ఉండడం కుదరని పని. లేవాల్సిందే.

హైస్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ మొహం చూసిన ప్రతివాళ్లూ ఈ పని చేసే ఉంటారు. గుండ్రటి ఫిల్టర్ పేపర్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి, ఒక పక్క మూడు పొరలు, ఇంకో పక్క ఒక పొర వచ్చేలా తెరిస్తే శంకువు వస్తుంది. అది గరాటులో అతికినట్టు కూర్చుంటుంది. ఎందుకు కూర్చుంటుందో మాస్టారు చెప్పిన దాఖలాలు తక్కువ. మడిచాక శంకువు అంచుకి దక్కేది అసలు వృత్తంలో సగం చుట్టుకొలతే. అంటే శంకువు మూతి వ్యాసార్థం కాగితం వ్యాసార్థంలో సగం. ఆ లెక్కన శంకువు కోణం కచ్చితంగా 60 డిగ్రీలు వస్తుంది. ల్యాబ్ గరాటుని ఆ కోణంతోనే చేస్తారు. కిరాణా కొట్టులో పొట్లం కట్టే చేతికి ఈ లెక్కతో పనిలేదు. ఆ చేతికి కొలత తెలుసు.

మడతలకు లెక్కలు కట్టి పుస్తకం రాసినవాడు మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ ఉద్యోగి తండలం సుందరరావు. మన్యం కూడా ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్న రోజులవి. కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఆయన ఇంగ్లీషు పుస్తకం 1893లో మద్రాసులో అచ్చయింది. కిండర్‌గార్టెన్ పిల్లల కోసం తయారుచేసిన ఆటవస్తువుల్లో ఎనిమిదోది, రెండు వందల రంగుకాగితపు చతురస్రాల కట్ట, ఆయనకు ఈ ఆలోచన ఇచ్చింది. వృత్తలేఖిని అక్కర్లేదు, స్కేలూ అక్కర్లేదు. ఒక చతురస్రం ఉంటే చాలు.

ఆ మార్గం ఎలా ఉంటుందో చూడాలంటే ఒక కాగితపు చతురస్రం తీసుకుని నిలువుగా సగానికి మడిచి విప్పాలి. నడిమిన గీత పడుతుంది. కింది ఎడమ మూల కదలకుండా పట్టుకుని, కింది కుడి మూలని ఎత్తి సరిగ్గా ఆ గీత మీద ఆనేలా మడవాలి. ఆ మూల ఆగిన చోటు నుంచి కింది అంచు రెండు కొసలకూ గీతలు పడేలా మడిస్తే సమబాహు త్రిభుజం తయారు. ఆనించిన అంచు పొడవు చతురస్రం భుజమే, అది అడ్డంగా వెళ్లిన దూరం అందులో సగం. ఇంక కోణం 60 తప్ప వేరే ఎలా అవుతుంది?

మద్రాసు పుస్తకం జర్మనీ దాకా వెళ్లింది. గణితంలో ఆ కాలపు పెద్ద తలకాయల్లో ఒకరైన ఫెలిక్స్ క్లైన్ తన ఉపన్యాసాల్లో దాన్ని ప్రస్తావించాడు. ఆ ప్రస్తావన చూసిన ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు, బీమన్, స్మిత్, పుస్తకాన్ని సంపాదించి, దిద్ది, 1901లో షికాగోలో మళ్లీ అచ్చు వేయించారు. మన దగ్గర గణితం పుస్తకాల్లో సుందరరావు పేరు ఎంతమంది పిల్లలకు కనబడుతుందనేది వేరే సంగతి.

ఒక్కచోట ఆయన తక్కువ అంచనా వేశాడు. మడతలతో ఘనమూలం సాధించలేమన్న ధోరణిలో రాశాడు. గ్రీకుల కాలం నుంచీ వృత్తలేఖిని, స్కేలు చేతులెత్తేసిన లెక్క అది. 1936లో ఇటలీ గణితవేత్త మార్గెరీటా బెలోక్ ఒకే ఒక్క మడతతో దాని పని పట్టింది. రెండు బిందువులు ఒకేసారి రెండు గీతల మీద పడేలా కాగితాన్ని సర్ది మడవాలి, అంతే. ఘన సమీకరణాలు ఆ మడతకు లొంగుతాయి. కోణాన్ని మూడు సమభాగాలు చెయ్యడమూ అందులో భాగమే. వృత్తలేఖినికి చేతకానిది కాగితానికి చేతనైంది! కాగితం మీద గీత గీయడం వేరు, ఆ కాగితాన్నే కదిలించడం వేరు.

సైన్సు వాళ్లకు మడత మీద మోజు పుట్టడానికి అసలు కారణం లెక్కలు కావు, రవాణా. పెద్ద వస్తువుని చిన్న చోట దూర్చి, దూరం తీసుకెళ్లి, అక్కడ మనిషి చెయ్యి పడకుండా విప్పాలి. శ్రీహరికోటలో ఈ బాధ రోజూ ఉండేదే. 2015 ఆగస్టు 27న జీఎస్‌ఎల్‌వీ-డీ6 మోసుకెళ్లిన జీశాట్-6 యాంటెన్నా విచ్చుకున్నాక ఆరు మీటర్లు. రాకెట్ కొసన ఉపగ్రహం కూర్చునే గది వెడల్పు నాలుగు మీటర్లు కూడా దాటదు. కనుక యాంటెన్నా ముడుచుకుని వెళ్లి, పైన తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే విప్పి సరిచెయ్యడానికి అక్కడికి ఎవరూ వెళ్లరు.

జపాన్‌లో కోర్యో మియురా అనే అంతరిక్ష ఇంజనీరు 1970లో దీనికో అందమైన మడత కనిపెట్టాడు. మనం మ్యాపుని అడ్డంగా, నిలువుగా, లంబకోణాల్లో మడుస్తాం. గీతలు కలిసే చోట కాగితం మందమై, నలిగి, చివరికి అక్కడే చిరుగుతుంది. మళ్లీ మడిచేటప్పుడు ఏ మడత పైకో, ఏది లోపలికో ఎప్పటికీ గుర్తుండదు. మియురా ఒక వరుస గీతల్ని కాస్త ఏటవాలుగా, వంకరటింకరగా నడిపించాడు. దాంతో గళ్లన్నీ సమాంతర చతుర్భుజాలై ఒకదాని కదలికకు ఒకటి కట్టుబడిపోయాయి. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగితే కాగితమంతా ఒకే ఊపులో తెరుచుకుంటుంది, తోస్తే ఒకే ఊపులో మూసుకుంటుంది. పది మోటార్ల పని ఒక మోటారుతో అయిపోతుంది. 1995లో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్‌లో ఈ మడతతో ఒక పలకను ప్రయోగించి చూశారు. మరుసటి ఏడు జనవరిలో ఎండీవర్ షటిల్ ఆ ఉపగ్రహాన్ని భూమికి తీసుకొచ్చింది. చెట్లకు ఈ విద్య ముందే తెలుసు. యూరప్‌లోని బీచ్, హార్న్‌బీమ్ చెట్ల మొగ్గల్లో ఆకులు ఇలాంటి వంకర మడతలతోనే ఇమిడి ఉంటాయని 1998లో కొబయాషి, క్రెస్లింగ్, విన్సెంట్ అనే ముగ్గురు పరిశోధకులు కొలిచి చూపించారు. అడ్డాకుది ఇంకా తేలిక ఏర్పాటు. లేతాకు నడిమి ఈనె వెంట రెండు రెక్కలూ కలిపి మూసుకుని పుడుతుంది.

దూరం అంటే ఆకాశమే కానక్కర్లేదు. ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు. ఆ కరెంటు వైర్ల మీద ఎక్కడెక్కడికో పోతుంది. చుట్టుపక్కల కొండల మీది గూడేల్లోంచి జ్వరం మనిషిని రోడ్డు దాకా డోలీలో మొయ్యాల్సిన రోజులు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ జ్వరాల్లో పేరుమోసింది మలేరియా. పాతవాళ్లు మన్యం జ్వరం అనేవాళ్లు.

మలేరియా గుట్టు దొరికింది కూడా తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమని కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆయన ఇత్తడి మైక్రోస్కోపు మరలకి చెమట తగిలి తుప్పు పట్టింది, మిగిలిన ఒక్క కంటి కటకమూ బీటలువారింది. అయినా పని జరిగింది, 1902లో నోబెల్ వచ్చింది. కాని అలాంటి యంత్రాన్ని ఘాట్‌రోడ్డు దాటించి, గెడ్డలు దాటించి గూడేనికి చేర్చడం ఎవరి తరం?

కాన్పూరు ఐఐటీలో చదివి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే మను ప్రకాశ్‌కు తట్టిన జవాబు, మైక్రోస్కోపునే మడిచెయ్యడం. 2014లో ఆయన బృందం ఫోల్డ్‌స్కోప్ వివరాలు ప్రచురించింది. అట్ట మీద అచ్చువేసిన భాగాల్ని ఊడదీసి, గీతల వెంట మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చాలి. నడుమ ఆవగింజంత గాజు గోళీ, అదే కటకం. బరువు పది గ్రాముల లోపే. మూడంతస్తుల మీంచి పడేసినా, కాలితో తొక్కినా పాడవలేదని వాళ్లు రాశారు. మరలు లేవు కనుక తుప్పు భయమూ లేదు. బొటనవేళ్లతో అట్టని అటూ ఇటూ నెడితే బొమ్మ స్పష్టమవుతుంది. కటకం, స్లైడు, వెలుతురు ఒకే వరుసలో నిలవడానికి ఇత్తడి గొట్టం చేసే పనిని ఇందులో మడతలు చేస్తాయి. దీని గొప్పంతా అక్కడుంది. అదే బృందం 2017లో పేపర్‌ఫ్యూజ్ అనే ఇంకో వస్తువు చేసింది. బిళ్లలో దారం దూర్చి రెండు చేతులతో లాగి వదిలితే గిర్రున తిరిగే పిల్లల ఆటబొమ్మే దానికి మూలం. రెండు గ్రాముల కాగితపు బిళ్ల నిమిషానికి 1,25,000 చుట్లు తిరిగి, నిమిషంన్నరలో రక్తం నుంచి ప్లాస్మాని వేరుచేస్తుంది.

ఫోల్డ్‌స్కోప్‌తో గూడెం గూడెంలో మలేరియా పరీక్షలు జరిగిపోతాయని మొదట్లో పత్రికలు ఊదరగొట్టాయి. అలా జరగలేదు. మార్కెట్లో దొరికే ఫోల్డ్‌స్కోప్ వస్తువుని 140 రెట్లు పెద్దది చేస్తుంది. రక్తకణంలో దాగిన పరాన్నజీవిని తేల్చి చెప్పడానికి ఆసుపత్రి మైక్రోస్కోపు వెయ్యి రెట్లు చూపిస్తుంది. ఇవాళ కొండల్లో ఆశా కార్యకర్త సంచిలో ఉండేది ర్యాపిడ్ కిట్. వేలి కొస నుంచి ఒక్క చుక్క, కాసేపు ఆగితే గీత పడుతుందో లేదో తెలుస్తుంది. మడతల మైక్రోస్కోపు మెల్లగా బడిదారి పట్టింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం ప్రకాశ్ ల్యాబ్‌తో ఒప్పందం చేసుకుని, దీన్ని బళ్లకు, కాలేజీలకు అందించేందుకు గ్రాంట్లు ఇచ్చింది. అది సరైన చోటే.

ఆశ్రమ పాఠశాల పిల్లలకు దానితో చెయ్యడానికి పని బోలెడు. తూర్పు కనుమల్లో మలేరియా మోసే దోమలు మురుగు కన్నా నెమ్మదిగా పారే తేట గెడ్డ అంచుల్ని ఇష్టపడతాయి. గుడ్డు నుంచి వచ్చిన పురుగు నీటి పైపొరకి ఆనుకుని సమాంతరంగా పడుకుంటే అనాఫిలిస్. తల కిందులుగా వేలాడితే క్యూలెక్స్ లాంటి వేరే దోమ, దానికి తోక దగ్గర ఊపిరి గొట్టం ఉంటుంది. కంటితో అనుమానం వస్తే, స్లైడు మీద పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే ఆ గొట్టం ఉందో లేదో తెలిసిపోతుంది. గొట్టం లేని పురుగు దొరికిన గెడ్డ ఏదో రాసుకుని మలేరియా సిబ్బందికి చెబితే, పిచికారీ ముందు ఎక్కడ మొదలెట్టాలో వాళ్లు చూసుకుంటారు.