నలభై దాటాక వచ్చే రొమ్ము నొప్పి

ఇలాంటి సంగతి పత్రికకి రాయడమేమిటి, ఇంటిల్లిపాదీ చదివే కాగితం కదా అని ముక్కున వేలేసుకునే వారుంటారు. దాచుకోవడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు గనక రాస్తున్నాను.

నాకు నలభై నాలుగేళ్ళు. మావారు స్టీలుప్లాంటులో పనిచేస్తారు. ఇద్దరు పిల్లలు. కాన్పుల రోజులు మినహాయిస్తే, ఇన్నేళ్ళూ ఇరవై ఎనిమిదో రోజుకో ఇరవై తొమ్మిదో రోజుకో నెలసరి వచ్చేది, నాలుగు రోజులుండి పోయేది. దాని గురించి ఆలోచించే పనే ఉండేది కాదు.

కిందటేడు శ్రావణమాసంలో మొదలైంది. రెండు రొమ్ములూ బరువెక్కి రాయిలా అయిపోయి, చంకల దాకా ఒకటే సలుపు. తీగ మీద బట్టలారెయ్యడానికి చెయ్యెత్తితే చురుక్కుమనేది. కూర్మన్నపాలెం నించి జగదాంబ సెంటరుకి సిటీబస్సులో వెళితే గతుకు గతుకుకీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మా చిన్నాడు బడి నించి వస్తూనే మీద పడబోతే, "ఆగరా" అని చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. వాడి మొహం చిన్నబోయేది. తొమ్మిది పది రోజులు ఇలా ఏడిపించి, బహిష్టయిన మర్నాటికల్లా చేత్తో తీసేసినట్టు పోయింది. హమ్మయ్య అనుకుంటే, పై నెల మళ్ళీ తయారు. ఈసారి నెలసరి కూడా ఇరవై నాలుగో రోజుకే వచ్చింది. రావడం రావడం గడ్డలు గడ్డలుగా.

నాకు భయం వెయ్యడానికి కారణం ఉంది. అనకాపల్లిలో మా పిన్ని రొమ్ము కేన్సరుతో పోయింది. మొదట శనగగింజంత గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా, ఎందుకొచ్చిన రభస అని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. నిమ్మకాయంత అయ్యాక బాబాయికి తెలిసింది. నొప్పి లేకపోవడమే ఆవిడ కొంప ముంచింది. అదేమిటో, ఈ సంగతి నాకు బాగా తెలిసుండి కూడా, నా నొప్పిని చూసి నాకు పిన్నే గుర్తొచ్చేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మా వంటింటి గోడకి ఒక క్యాలెండరు ఉంటుంది. అందులో మావారి ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు, వీక్లీ ఆఫ్ అన్నీ రాసి ఉంటాయి. ప్లాంటు వాళ్ళ ఇళ్ళల్లో అది చూడకుండా పప్పు కూడా నానబొయ్యరు. ఆ గళ్ళల్లోనే నేనూ గుర్తులు పెట్టడం మొదలెట్టాను. కొద్దిపాటి నొప్పికి చుక్క. పనికి అడ్డమైతే గీత. నిద్ర చెడగొడితే ఇంటూ. బహిష్టయిన రోజుకి చుట్టూ సున్న. మావారేమో, "సి షిఫ్టు వారాల్లో నీకూ నిద్ర ఉండదు కదోయ్, అందుకేనేమో" అన్నారు. రెండు నెలల గళ్ళు చూస్తే షిఫ్టులతో ఏ పొత్తూ లేదు. సున్నకి ముందు తొమ్మిది రోజులూ చుక్కలు, గీతలు. సున్న దాటాక ఖాళీ గళ్ళు. ఆ కాగితం చింపుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. (గడ్డ చేతికి తగిలితే మట్టుకు రెండు నెలలు రాసుకుంటూ కూర్చోకండి, ఆ వారమే వెళ్ళండి.)

ఆవిడ ముందు ఆ కాగితమే చూశారు. తరవాత పడుకోబెట్టి రెండు రొమ్ములూ, చంకలూ పరీక్ష చేశారు. పిన్ని సంగతి చెప్పాను గనకా, నలభై దాటింది గనకా మామోగ్రాం తీయించమన్నారు. బహిష్టు అయిన తరవాతి వారంలో తీయించుకోమని కూడా చెప్పారు. అందులో రొమ్ముని రెండు పలకల మధ్య నొక్కుతారు. సలుపు ఉన్న రోజుల్లో వెళితే ప్రాణం పోతుంది, ఆ వారంలో అయితే అంత బాధుండదు. ఫలితం బాగానే వచ్చింది. డబ్బుకి వెనకాడేవారు కె.జి.హెచ్.లో గానీ, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారు నడిపే హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రిలో గానీ వాకబు చేసుకోవచ్చు.

మరి నొప్పి ఎందుకంటే, డాక్టరుగారు చెప్పింది నా మాటల్లో చెబుతాను. ప్రతి నెలా అండం విడుదలయ్యాక ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోనులు రొమ్ముని పాలివ్వడానికి సిద్ధం చేస్తాయి. పాలగొట్టాలు ఉబ్బుతాయి, నీరు చేరుతుంది. గర్భం రాకపోతే ఆ హార్మోనులు ఒక్కసారిగా పడిపోతాయి. బహిష్టవుతుంది, ఉబ్బు తీస్తుంది. పాతికేళ్ళ వయసులో ఇదంతా ఒక పద్ధతిలో నడుస్తుంది. నలభై దాటాక అండం ఒక నెల విడుదలవుతుంది, ఒక నెల కాదు. ఈస్ట్రోజన్ ఒకసారి మరీ ఎక్కువ, ఒకసారి మరీ తక్కువ. అంచేత అంతకుముందు లేని సలుపు వస్తుంది. నెలసరి మొదట దగ్గర పడుతుంది, ఆ తరవాత దూరం జరుగుతుంది, రక్తం ఎక్కువ పోతుంది. మన దేశంలో స్త్రీలకి సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్ళకి ముట్లుడుగుతాయి. ఏడాది పొడుగునా రాకుండా ఉంటేనే ఉడిగినట్టు లెక్క. అందాకా ఈ అవకతవకలు తప్పవు. ఈ వయసులో ఒక నెల తప్పి రొమ్ములు సలుపుతుంటే ముందు గర్భపరీక్ష చేయించుకోవాలి. నవ్వకండి, ఉడిగేదాకా ఆ అవకాశం ఉంటుంది.

ఇక ఆపరేషన్ సంగతి. పక్కింటి వదినగారు నలభై ఒకటికే గర్భసంచి తీయించుకున్నారు. "పీడా విరగడైపోయింది, నువ్వూ తీయించేసుకో. రొమ్ము నొప్పి కూడా దానివల్లే" అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు. ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలోనూ స్కాను చూసి, చిన్న ఫైబ్రాయిడ్ ఉంది, పిల్లలు పుట్టేశారు కదా, తీసేద్దాం, శుక్రవారం చేరిపోండి అన్నారు. మందు మాటే ఎత్తలేదు. నేను చేరలేదు. నా డాక్టరుగారిని అడిగాను. "గర్భసంచి తీస్తే రక్తం ఆగుతుంది. రొమ్ము నొప్పి ఎందుకాగుతుందమ్మా? హార్మోనులు వచ్చేది అండాశయాల నించి. అవి ఉన్నంతకాలం నెల నెలా వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. బహిష్టు ఉండదు గనక ఏ తారీకుకి వస్తోందో కూడా నీకు తెలీదు" అన్నారు. పోనీ అండాశయాలూ తీసేస్తే? ముట్లు ఒక్కరోజులో ఉడిగిపోతాయి. ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు.

మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్ మరీ సులువైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది దాకా ఉన్నారు. అవసరం లేని ఇలాంటి ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శక సూత్రాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. నిజంగా అవసరమైన వాళ్ళుంటారు, కాదనను. కానీ రక్తం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది. అవేవీ చూడకుండా శుక్రవారం రమ్మంటే, శనివారం ఇంకొక డాక్టరుకి చూపించుకోండి.

నాకు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిదుంది. ఇనుము మాత్రలిచ్చారు. అవి కాఫీతో, టీతో వేసుకుంటే ఒంటికి పట్టవు, నిమ్మరసంతో అయితే పడతాయి. థైరాయిడ్ కూడా చూశారు, బాగానే ఉంది.

రొమ్ము నొప్పికి నాకు పనికొచ్చినవి రెండే. ఒకటి, సరైన కొలత బ్రా. పెళ్ళినాటి కొలతే ఇప్పటికీ అడిగి కొనుక్కునేవాళ్ళం మనలో సగం మందిమి. కొలిపించి, బిగుతూ వదులూ కాకుండా మెత్తటి పట్టీలది తీసుకున్నాను. సలుపున్న రాత్రుల్లో మెత్తనిదొకటి వేసుకునే పడుకుంటాను. రెండోది, డైక్లోఫెనాక్ పూతమందు, డాక్టరుగారు చెప్పిన మోతాదులో. మందుల షాపుల్లో ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె మాత్రలని ఖరీదైనవి ఇస్తుంటారు. ఉత్తుత్తి మాత్రల కన్నా అవి మెరుగని పరీక్షల్లో తేలలేదు. బ్రిటన్‌లో వాటికిచ్చిన అనుమతిని 2002లో వెనక్కి తీసుకున్నారు కూడా. కాఫీ మానమని చాలామంది చెబుతారు. దానికీ గట్టి రుజువు లేదట. నేను మానలేదు.

ఇవేవీ ఆగని నొప్పికి డాక్టర్లు సెంట్‌క్రోమాన్ మాత్ర రాస్తుంటారు. అది మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు. 1991లో కుటుంబ నియంత్రణ కోసం 'సహేలి' పేరుతో బజారులోకి వచ్చింది. ప్రభుత్వం వారు 'ఛాయ' అని ఉచితంగా ఇచ్చేదీ అదే. దాంతో నెలసరి ఆలస్యం కావచ్చు. అందరికీ పడదు కూడా. కాబట్టి ఊరికే దొరుకుతోంది కదా అని సొంతంగా మింగకండి.

ఒకేవైపు, ఒకేచోట, తారీకులతో పని లేకుండా నొప్పి ఉంటే చూపించుకోవాలి. చాలాసార్లు అది ఛాతీ ఎముకలదీ కండరాలదీ అవుతుంది, అయినా ఆ మాట డాక్టరే చెప్పాలి. గడ్డ, చనుమొన లోపలికి పోవడం, దానినించి నెత్తురు చెమ్మ, చర్మం సొట్టపడడం, బత్తాయి తొక్కలా అవడం, చంకలో బిళ్ళ - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే వెళ్ళండి. గంట గంటకీ పాడ్ తడిసిపోతున్నా, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనిపించినా, భర్తతో కలిసిన తరవాత కనిపించినా, ముట్లుడిగిన ఏడాదికి మళ్ళీ కనిపించినా అంతే.

ఒళ్ళంతా ఆవిర్లు కూడా ఈ వయసు లక్షణమే అంటారు. మన విశాఖ ఉక్కపోతలో మే నెలలో ఎవరికి లేవు ఆవిర్లు! నాకు సంక్రాంతి నాడు, తెల్లవారుజామున, అందరూ రగ్గులు కప్పుకుంటే నేను ఫ్యాను వేశాను. అప్పుడు నమ్మాను.

ఈ ఆషాఢంలో నెలసరి ముప్పై ఎనిమిది రోజులాగి వచ్చింది. సలుపు నాలుగైదు రోజులకి దిగింది, ఇంటూలు పోయి చుక్కలే మిగిలాయి. వచ్చే నెల మామోగ్రాం మళ్ళీ తీయించాలి, బహిష్టయిన తరవాతి వారంలోనే. మావారు సెలవు పెట్టాలట, తారీకు ముందుగా చెప్పమంటున్నారు. ఏమని చెప్పను?