మా హాల్లో గోదావరి

పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా మంచినీళ్ళు తాగకముందే అడిగిన ప్రశ్న ఒకటే. "ఏంటండీ, హాలు మధ్యలో ఇంత మంచం వేశారు?"

మంచం కాదండీ, గోదావరి! పన్నెండు అడుగుల ప్లైవుడ్డు మీద ఇటు కొవ్వూరు, అటు రాజమండ్రి, మధ్యలో రైలు వంతెన.

బ్యాంకు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ లేని పిచ్చి రిటైరయ్యాక పట్టుకుంది మావారికి. రైలు బొమ్మలు. బొమ్మలంటే ఆయనకి కోపం, మోడల్స్ అనాలిట. హైదరాబాదులో అలాంటివాళ్ళే మరో నలుగురు దొరికారు. అందరూ కలిసి ఒక స్కూలు హాల్లో రెండు రోజులు ప్రదర్శన పెడదామనుకున్నారు. మావారి వంతుకి హేవలాక్ వంతెన. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన పాత వంతెన. అది నా కోసమే ఎంచుకున్నానని చివర్లో చెప్పారు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే హాలు కోసం అంత గొడవ పడేదాన్నా!

మా నాన్నగారు కొవ్వూరులో కీమేన్‌గా చేసేవారు. రోజూ పొద్దున్నే సుత్తి, స్పానరు పట్టుకుని రైలుపట్టాల వెంట నడుస్తూ, ఎక్కడ వదులైందో చూసి బిగించే ఉద్యోగం. ఎండైనా వానైనా వంతెన మీద నడవాల్సిందే.

ఈ మోడల్స్‌లో 87 అడుగులు ఒక్క అడుగవుతుందిట. అసలు వంతెనకి స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు 150 అడుగులు, అలాంటి గడ్డర్లు 56. మొత్తం కట్టాలంటే మా హాలు దాదాపు 96 అడుగులు ఉండాలి! అందుకని నాలుగు గడ్డర్లతో సరిపెట్టారు. పట్టాలు, వైర్లు, మోటార్ల సంగతి నన్నడక్కండి. చెట్లూ నేలా ఇళ్ళూ మాత్రం నాకు అప్పగించారు. బొమ్మలకొలువులో ఆవాలు మొలిపించి పొలాలు చేసిన చేతులే కదా, సరేనన్నాను.

నేలకి వాడేసిన టీపొడి. నాలుగైదు నీళ్ళల్లో కడిగి, డాబా మీద బాగా ఎండబెట్టాలి. మొదటిసారి తొందరపడి పచ్చిగానే చల్లాను. పదిరోజులకి కొవ్వూరంతా తెల్లగా బూజు పట్టింది. ఇసుకని మైదా జల్లెడతో జల్లించి పరిచి, ఫెవికాల్లో సగానికి సగం నీళ్ళు కలిపి ఇంకుఫిల్లరుతో చుక్కలు చుక్కలుగా వేయాలి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క పడాల్సిందే, లేకపోతే తామరాకు మీద నీళ్ళలా పైపైనే దొర్లిపోతుంది. చెట్లకి రాగితీగ పురితిప్పి కొమ్మలు చేశాను. ఆకులకి పాత స్పాంజిని ముక్కలు కోసి, నీళ్ళు పోసి మిక్సీలో తిప్పి, ఆకుపచ్చ రంగు కలిపి ఆరబెట్టాను. ఆ చిన్న జారులో మళ్ళీ పచ్చడి చేయలేదు లెండి.

అసలు యుద్ధం నది దగ్గర వచ్చింది. ఒకరోజు గుడికెళ్ళి వచ్చేసరికి మావారు గోదావరికి ముచ్చటగా నీలంరంగు వేసేసి ఉన్నారు.

"ఏమండీ, గోదావరి ఎప్పుడైనా ఇలా ఉంటుందా?"

"ఫోటోలో ఉందిగా."

"ఆ రంగు ఆకాశానిది!"

ఆషాఢంలో కొత్తనీరు వచ్చిందంటే బిందెలో ఇండుపగింజ అరగదీసి వేసి, మట్టి అడుక్కి దిగేదాకా కాచుకున్నవాళ్ళం. వేసవిలో అయితే నీళ్ళకంటే ఇసుకతిన్నెలే ఎక్కువ. నాకా చెప్తారు? రెండు రోజులు మాటల్లేవు. మూడోరోజు ఆయనే గరుకు కాగితం పట్టుకుని నీలమంతా గీకేశారు. వేసవి గోదావరే చేశాం. సగం ఇసుక, సగం మట్టి కలిసిన పచ్చటి నీళ్ళు, పైన ఆరు పూతలు వార్నిష్, పూత పూతకీ ఒకరోజు ఆరాలి. అందులో ఒక దోమ పడి అతుక్కుపోయింది. మా లెక్కలో అది కాకంత!

రైల్వే క్వార్టరుకి మాత్రం ఫోటో లేదు, ఆ ఇల్లూ ఇప్పుడు లేదు. గుర్తున్నట్టు అట్టతో కట్టాను. సుద్దముక్కతో తులసికోట. ముంగిట్లో పాతచీర మీద అమ్మ పెట్టిన వడియాలు. వాటికి గసగసాలు అతికించాను. చివరగా వంతెన మీద తీగా ఎం-సీలూ కలిపి రెండు సెంటీమీటర్ల మనిషిని నిలబెట్టాను. ఎవరో మావారు అడగలేదు.

ప్రదర్శనకి తమ్ముడు అమ్మని తీసుకొచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు. నాన్నగారు పోయిన ఈ ఐదేళ్ళలో కొవ్వూరు మాటెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది. తీసుకురావద్దనే అనుకున్నాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. నాకు గుండె దడదడలాడింది.

"వడియాలు ముంగిట్లో ఎండబెట్టావేమే? చింతచెట్టు నీడ కాదూ అక్కడ! పెరట్లో కదా పెట్టేదాన్ని."

"మర్చిపోయానమ్మా."

"సరేగానీ, మీ నాన్న చేతిలో జెండాలేవీ? ఉత్తచేతుల్తో వంతెనెక్కేవాడా ఆయన? ఒక పచ్చ, రెండు ఎర్ర." కాసేపాగి మళ్ళీ అంది, "ఆ ఎర్రజెండా కనిపించినంతసేపూ గట్టు మీద నిలబడి చూసేదాన్ని. మీకెవరికీ తెలీదు."

నిజంగానే తెలీదు. అమ్మ నీళ్ళకి వెళ్ళిందనే అనుకునేవాళ్ళం.

ఆ రాత్రి స్టిక్కరు బొట్టు కత్తిరించి రెండు ఎర్రజెండాలు, మందులచీటీ అంచుకి రంగు వేసి ఒక పచ్చజెండా చేశాను. బియ్యపుగింజలో సగం లేవు. పొద్దున్నే హాలు తలుపులు తీయకముందే వెళ్ళి, పట్టకారుతో నాన్నగారి చంకలో అతికించాను. వడియాలు పెరట్లోకి మార్చాను. చింతచెట్టుకి టైము చాలక, రాజమండ్రి ఒడ్డున ఉన్న వేపచెట్టునే పీకి తెచ్చి ముంగిట్లో పాతాను.

అమ్మ రెండోరోజు కూడా వచ్చింది. వంతెన పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. రైలు కోసం వచ్చిన పిల్లలకి, రైలు కంటే ముందు ఆయన్ని చూపించింది.