ఉచిత సలహా

మన దేశంలో డబ్బివ్వకుండా దొరికేవి రెండు: ఎండ, సలహా. ఎండ పడకపోతే చెట్టుకిందికి పోవచ్చు. సలహానుంచి తప్పించుకునే దారి లేదు. నేను ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. గంటసేపు ఎవరూ అడ్డు రాకుండా మాట్లాడే వృత్తి కావటంవల్ల, తెలియని విషయంలో కూడా గట్టిగా మాట్లాడే అలవాటు పట్టుకుంది. దాన్ని వదిలించటానికి ఒక బోల్టు విరగవలసి వచ్చింది.

మా యిల్లు కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన కొద్ది యేళ్ళకు, నేను గచ్చిబౌలి యూనివర్సిటీలో ఎం. ఏ. చదివే రోజుల్లో, ఇటువైపు ఎటు చూసినా బండరాళ్ళే. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే. ఒక మేడ పూర్తి కాకముందే పక్కన ఇంకొకటి లేస్తుంది. వాటికి కావలసిన ఇనుమును పెద్ద పెద్ద ట్రైలరు లారీలు రాత్రిపూట మోసుకొస్తాయి. పగలు ఊళ్ళో తిరగటానికి వాటికి ఆంక్షలున్నాయి.

ఈ ట్రైలర్లను మీరూ చూసే వుంటారు. ముందున్న ఇంజను బండి వేరు, వెనకాల బరువు మోసే బండి వేరు. ఇంజను బండి వీపుమీద గ్రీజు పూసిన పెద్ద ఇనుప పళ్ళెం వుంటుంది. దాన్ని ‘ఫిఫ్త్ వీల్’, అంటే ఐదో చక్రం అంటారు. పూర్వం గుర్రపు బండ్లలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగటానికి దానిపైన ఒక చక్రాన్ని పడుకోబెట్టేవారట. ఆ పేరు యిప్పటికీ మిగిలింది. ట్రైలరు ముక్కు ఆ పళ్ళెంమీద కూర్చుంటుంది. ఇంజను బండి విడిపోయినప్పుడు ముక్కు నేలబడకుండా ముందువైపు రెండు ఇనుప కాళ్ళుంటాయి. ఎడ్లను విప్పాక బండికాడి కింద మనవాళ్ళు పోటుకర్ర ఆనించరూ? అదే ఇది.

ఆవేళ పరీక్షల డ్యూటీ. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఏడు గంటలకే కారు తీశాను. సందు మొదట్లో ఇనుప చువ్వల ట్రైలరు దారికి అడ్డంగా వుంది. రాత్రి లోపల చోటు లేక దాన్ని అక్కడ కాళ్ళమీద నిలిపి పోయారట. తెల్లవారి ఇంజను బండి తిరిగి వచ్చింది గాని తగిలించుకోవటానికి వీలు కాలేదు. కేబుళ్ళకోసం తవ్వి పూడ్చిన మట్టిమీద ఒక కాలు పడింది. రాత్రి వాన కురిసింది. కాలు జానెడు దిగబడి, ట్రైలరు ముక్కు వంగిపోయింది.

డ్రైవరుది విజయవాడ వైపు. యాభై యేళ్ళుంటాయి. పద్దెనిమిదేళ్ళ క్లీనరు హాండిలు పట్టుకుని తిప్పుతున్నాడు. కాలు లేవటం లేదు.

“మెకానిక్కు జాకీలు తెస్తున్నాడండి, అరగంటలో వచ్చేస్తాడు” అన్నాడు డ్రైవరు.

అరగంట! నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. “ఈమాత్రానికి మెకానిక్కు ఎందుకయ్యా? హాండిలుకు పొడుగుపాటి పైపు తగిలించు. మీటకు ఎంత పొడవుంటే అంత బలం. ఆర్కిమెడీసు ఏనాడో చెప్పాడు.”

“వద్దండి, లోపల ఏదైనా తెగుద్ది.”

“తెగితే నేను చూసుకుంటాను.”

నా వెనక ఆగిన కార్లవాళ్ళు కూడా నన్నే బలపరిచారు. పెద్దమనుషుల మాట కాదనలేక అతను పైపు తీశాడు. కుర్రవాడూ నేనూ కలిసి లాగాం. ఫట్‌మని చప్పుడైంది. పైపు గిర్రున తిరిగి కుర్రవాడి ముంజేతిమీద కొట్టింది. వాడు అరవలేదు. చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. ఎముక విరగలేదుగాని, చూస్తూండగానే చెయ్యి వాచిపోయింది.

మెకానిక్కు వచ్చాడు. హాండిలు తిప్పి చూశాడు. ఇవతలి కాలు కదులుతున్నది, అవతలిది కదలటం లేదు. రెండు కాళ్ళనూ కలిపే అడ్డకడ్డీ దగ్గర బోల్టు తెగిపోయింది.

“పైపు ఎవరు పెట్టిన్రు?” అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను.

“నేనేలే అన్నా” అన్నాడు డ్రైవరు.

మెకానిక్కు ఇంకేమీ అడగలేదు. “బరువుండంగ బోల్టు జోలికి పోవద్దు” అంటూ ముందుగా వెనక చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టాడు. వెడల్పు చెక్కలు పరిచి, వాటిమీద జాకీలు నిలిపి, ట్రైలరు బరువును కాళ్ళమీదినుంచి తప్పించాడు. కింద దుంగలు పేర్చాడు. అప్పుడుగాని తెగిన ముక్కను కొట్టి బయటికి తీయలేదు. అవతలి కాలిలోని మర ఎండిపోయి బిగిసింది. గ్రీజు ఎక్కించి పైకీ కిందికీ ఆడించాడు. గుంటలో రాళ్ళు వేసి కొట్టి, పైన చెక్క పరిచాడు.

కొత్త బోల్టు వేస్తాడనుకున్నాను. వేయలేదు. ఒక పుల్ల తీసుకుని రెండు కాళ్ళ పొడవూ కొలిచాడు. “రెండూ సమానం జేసినంకనే బోల్టెయ్యాలె. లేకుంటె ఎప్పటికీ కుంటుడే” అన్నాడు.

తరవాత హాండిలును తక్కువ గేరులోకి మార్చి నెమ్మదిగా తిప్పాడు. చెయ్యి చాలాసార్లు తిరిగితే కాలు రవ్వంత కదులుతుంది. బరువు లేవటంలోని కిటుకు అదేనట. ఎక్కువ గేరు ఖాళీ కాలును గబగబా దించటానికీ ఎత్తటానికీ మాత్రమే. పైపు ఏ గేరుకూ పనికిరాదు. ట్రైలరు ముక్కు అంగుళం అంగుళం లేచింది. ఇంజను బండి వెనక్కి వచ్చి కిందికి దూరింది. తాళం పడిన చప్పుడు విని, బండిని ఒకసారి ముందుకు లాగి చూసి, ఆమీదటే కాళ్ళు ఎత్తేశారు.

నా డ్యూటీకి అప్పటికే ఇంకొకరిని వేశారు. కుర్రవాడిని మందుల షాపుకు తీసుకువెళ్ళి కట్టు కట్టించాను. బోల్టు డబ్బులు ఇచ్చాను. కాని అసలు బాకీ అది కాదని తెలుస్తూనే వుంది. డ్రైవరును పక్కకు పిలిచి, “ఆ మాట నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు?” అన్నాను.

“మేం పొద్దునుండి సాయంత్రందాకా తిరిగిపోయేవాళ్ళమండి. మీరు ఈ వీధిలో వుండాల్సినోళ్ళు.”

ఆ మాటతో నాకు నోరు వచ్చింది. మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, “పైపు పెట్టించింది నేనయ్యా” అన్నాను.

అతను సామాను సర్దుకుంటూనే నవ్వాడు. “ఎరికే సార్. మీ తెల్లంగి చూస్తే తెలుస్తలేదా?”

చూసుకుంటే చొక్కాకు రొమ్ముమీద అడ్డంగా పైపు తుప్పు. అందరికీ కనబడుతూనే వుంది, నాకు తప్ప.

ఆ మరక ఇంకా పోలేదు. మా ఆవిడ నిమ్మకాయ పెట్టి రుద్దుతానంటే వద్దన్నాను.