శుభం తరువాత

అభినయం నాలుగు విధాలు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. పదిహేనేళ్లుగా ఈ నాలుగు మాటలూ చెప్పుకుని జీతం తీసుకుంటున్నవాణ్ణి. మొన్న శ్రావణంలో, మహబూబాబాదులో మా కళాశాలలో, యథాప్రకారం ఆంగికం దగ్గరికి వచ్చాను. అంటే శరీరంతో చేసే అభినయం. కూచిపూడి నుంచి ఒక ఉదాహరణా, యక్షగానం నుంచి ఒక ఉదాహరణా ఇచ్చి, చెయ్యి కాస్త తిప్పి కూడా చూపించాను. వెనక బెంచీ మీదనుంచి ఒక కుర్రవాడు లేచి, "సార్, జాకీచాన్ లెక్కనా?" అన్నాడు.

తరగతి గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. "కూర్చో" అన్నాను. ఆ పిల్లవాడు తండా నుంచి వచ్చి చదువుకుంటున్నవాడు. ఇంట్లో లంబాడీ మాట, తెలుగు బడిలో నేర్చుకున్నది. కూర్చుంటూ కూర్చుంటూ మెల్లగా, "మాటలు సమజ్ గాకున్నా కథ సమజైతది గద సార్" అన్నాడు.

చెప్పొద్దూ, ఆంగికానికి అంతకంటె మంచి నిర్వచనం నా నోట్సులో లేదు. అయినా ఆ పూట ఒప్పుకోలేకపోయాను. దానికి కారణం నాట్యశాస్త్రం కాదు. ముప్పయ్యేళ్ల కిందట జనగామలో ఒక వేపచెట్టు కింద జరిగిన సంగతి.

ఆ రోజుల్లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ వరంగల్లు జిల్లాలోవే. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు మూడూ వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి. మా కుటుంబం మటుకు అంతకు ముందే ఆ మూడు ఊళ్లకూ చీలిపోయింది. బాపు జనగామలో ఉండిపోయారు. నేను ఉద్యోగం వెంట మానుకోట వచ్చాను. (మహబూబాబాదును మావైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు.) తమ్ముడు భూపాలపల్లి చేరాడు. వాడు అక్కడికి ఎందుకు చేరవలసివచ్చిందో ఆ కథే ఇది.

మా బాపు తెలుగు పండితులు. ఆయన దృష్టిలో సినిమా అంటే 1957లో వచ్చిన 'మాయాబజార్'. దానితో సినిమాలు తీయడం ఆపివేసినా లోకానికి వచ్చే నష్టమేమీ లేదని ఆయన అభిప్రాయం. అటువంటి ఇంటినుంచి, 1992 ప్రాంతాల, పన్నెండేళ్ల నేనూ పదేళ్ల తమ్ముడూ వీడియో హాలుకు పోయేవాళ్లం. హాలంటే మరేమీ కాదు. కిటికీలకు నల్లకాగితం అంటించిన ఒక గది, ఒక కలర్ టీవీ, కింద రెండు పట్టాలు. మనిషికి రెండు రూపాయలు. మాకు దొరికేది ఒక్క మనిషి డబ్బులే కనుక, ఇద్దరు చిన్నపిల్లలు కలిస్తే ఒక మనిషి అవుతారని హాలు యజమానితో నేను బేరమాడేవాణ్ణి.

అక్కడ చూశాం జాకీచాన్‌ను. బ్రూస్‌లీని అంతకు ముందే చూసి ఉన్నాం. బ్రూస్‌లీ కొడితే అవతలవాడు పడతాడు, అంతే సంగతి. ఈయన అలా కాదు. కొట్టి, తన చెయ్యే నొప్పిపుట్టి విదిలించుకునేవాడు. పారిపోయేవాడు. చేతికి దొరికిన వస్తువుతోనే పదిమందిని తిప్పికొట్టేవాడు. మా తమ్ముడైతే పట్టా మీద పడి దొర్లి నవ్వేవాడు. ఆ టేపుల్లో ఒక్క మాట మాకు అర్థమైన పాపాన పోలేదు. అర్థం కాలేదన్న సంగతి కూడా మాకు తోచలేదు.

ఒకరోజు ఒక సినిమా వేశారు. అందులో ఆయన కోటగోడ మీదనుంచి చెట్టు కొమ్మ మీదికి దూకుతాడు. పేరు 'ఆర్మర్ ఆఫ్ గాడ్' అని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. విలన్లు ఓడిపోగానే హాలు యజమాని టేపు ఆపేసి, బయట నిలబడ్డ వాళ్లను లోపలికి పిలిచాడు. అతను ఎప్పుడూ అంతే. మాకూ అందులో అన్యాయమేమీ కనిపించలేదు. మన సినిమాల్లో శుభం పడగానే లేచిపోవడమే కదా అలవాటు.

ఇంటికి వచ్చే దారిలో ఒక పాత గోడా, దానికి కాస్త ఎడంగా ఒక వేపచెట్టూ ఉండేవి. నేను ఆగాను. "ఆయన దుంకిండు గద. నువ్వు దుంకుతవా?" అన్నాను.

తమ్ముడు గోడ ఎక్కాడు. ఎక్కి నావైపు చూశాడు. దిగిపొమ్మంటానేమోనని చూశాడని ఇప్పుడు అనిపిస్తుంది. నేను అనలేదు. వాడు దూకాడు. కొమ్మ వాడి చేతికి అందింది కూడా. అంది, విరిగింది.

ఎడమ మోచెయ్యి. ఊళ్లో కట్లు కట్టే ఆయన వెదురుబద్దలు వేసి కట్టాడు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. బాపు నన్ను పిలిచి, "నువ్వెక్కడున్నవు?" అని అడిగారు. "గ్రంథాలయంల" అన్నాను. తమ్ముడు పక్కనే పడుకుని ఉన్నాడు. నావైపు చూశాడు గాని ఏమీ మాట్లాడలేదు. బాపు వాడితో, "అన్నను చూసి నేర్చుకో" అన్నారు. మరునాడు నాకు ఒక ఇంకుపెన్ను కొనిచ్చారు. ఆ పెన్నుతో నేను పదోతరగతి పరీక్షలు కూడా రాశాను.

ఆ తరువాత సంగతి తొందరగా చెబుతాను, నెమ్మదిగా చెప్పడం నావల్ల కాదు. మావాడికి పోలీసు ఉద్యోగం కావాలని చిన్నప్పటినుంచీ కోరిక. పెద్దయి కానిస్టేబుల్ ఎంపికకు వెళ్లి, పరుగులో ముందు వరుసలో వచ్చి, డాక్టరు రెండు చేతులూ చాపమన్నప్పుడు ఇంటికి తిరిగివచ్చాడు. అప్పుడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగంలో ఉన్న మా మేనమామ వాణ్ణి తన దగ్గరికి తీసుకుపోయాడు. గనిలో ఉద్యోగం కాదు, కేబుల్ టీవీ పని. స్తంభాలెక్కి తీగలు లాగే పని. వంకర చెయ్యి ఆ పనికి అడ్డురాలేదు.

మహబూబాబాదు తరగతికి మళ్లీ వస్తాను. ఆ కుర్రవాడి మాట తప్పని నిరూపించాలన్న పట్టుదలతో జాకీచాన్ గురించి చదవడం మొదలుపెట్టాను. ఇటువంటి పట్టుదలలు సాధారణంగా మనకే ఎదురుతిరుగుతాయి.

ఆయన 1954లో హాంకాంగులో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు చాన్ కాంగ్‌సాంగ్. హాంకాంగులో పుట్టినవాడని దాని అర్థం. తండ్రి వంటవాడు. ఆస్ట్రేలియాలో ఒక రాయబార కార్యాలయంలో వంటపని దొరికి వెళ్లిపోతూ, ఏడేళ్ల కొడుకును నాటకాల బడిలో వదిలాడు. పెకింగ్ ఆపెరా నేర్పే బడి. పదేళ్లకు ఒప్పందం. తెల్లవారకముందే లేవడం, తలకిందులుగా నిలబడడం, పల్టీలు, పాట, ముఖానికి రంగు వేసుకోవడం, గురువుగారి బెత్తం. తరువాత పేరు తెచ్చుకున్న సామో హంగ్, యువెన్ బియావ్ ఆ బడిలో తోటివాళ్లే. తీరా విద్య వంటబట్టేసరికి ఆ నాటకాలు చూసేవాళ్లు లేకుండా పోయారు. జనం సినిమాలకు మళ్లారు. ఈ పిల్లలు బతుకుతెరువుకు ఆ సినిమాల్లోనే, హీరో చేత దెబ్బలు తిని పడిపోయే వేషాలకు కుదిరారు. బ్రూస్‌లీ సినిమాల్లో పడినవాళ్లలో ఈయనా ఒకడు.

1973లో బ్రూస్‌లీ చనిపోయాడు. ఈయనను రెండో బ్రూస్‌లీని చేద్దామని ఒక దర్శకుడు ప్రయత్నించాడు. కోపంగా చూడమన్నారు. ఈయన ముఖం కోపానికి పనికిరాలేదు. 1978లో 'డ్రంకెన్ మాస్టర్' వంటి సినిమాలు వచ్చేదాకా ఎవరికీ పెద్దగా తోచలేదు, ఈయన చేత నవ్వించవచ్చునని. అంటే కొత్తగా ఏదో చేశాడని కాదు. నాటకాల బడిలో నేర్చుకున్న పల్టీలకు హాస్యరసం కలిపాడు, అంతే.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా జనగామే గుర్తుకొచ్చింది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా ఆట ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే పెరిగే కుటుంబాలవి. నడక రాగానే గజ్జె కడతారు. మా చిన్నప్పుడు చిందు ఆట మా పేటకు వస్తే బాపు ముందు వరుసలో కూర్చుని చూసేవారు. ఆ పూట అడుగులు వేసిన మనిషినీ, వీడియో హాలులో పల్టీలు కొట్టిన మనిషినీ పక్కపక్కన నిలబెట్టి చూపిస్తే బాపు ఏమనేవారో! ఆయన నాలుగేళ్ల కిందట పోయారు.

మరుసటి వారం తరగతిలో ఆ పిల్లవాణ్ణి లేపి, "నువ్వన్నది నిజమే, వచ్చి చెప్పు" అన్నాను. వాడు భయపడ్డాడు. శిక్ష అనుకున్నాడు కాబోలు. చివరికి వచ్చి నా కుర్చీ తీసుకుని దాంతోనే ఒక పోరాటం అభినయించాడు. కుర్చీ ఒక కాలు కాస్త వదులైంది గాని, ఆంగికం ఆ ఏడు ఎవరూ మరచిపోరు.

దసరా సెలవులకు భూపాలపల్లి వెళ్లాను. వరంగల్లు దాకా రైలు, అక్కడినుంచి పరకాల మీదుగా బస్సు. తమ్ముడి కేబుల్ వ్యాపారం ఇప్పుడు మునుపటిలా లేదు. డిష్షులు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. వాడు ఇంటర్నెట్టు తీగలు లాగుతున్నాడు. కాని కేబుల్ బాగా నడిచిన రోజుల కబుర్లు చెప్పమంటే వాడికి ఉత్సాహం. కాకతీయ ఖని గనుల్లో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి ఇల్లు చేరేవాళ్లు నిద్రపోయే ముందు చూడడానికని వాడు జాకీచాన్ సినిమాలు వేసేవాడట.

"ఒకసారి టైము చాలక ఆఖరుకు బందు చేసిన అన్నా. పది ఫోన్లొచ్చినయి. 'దెబ్బలు ఎందుకెయ్యలే?' అని లొల్లి."

"దెబ్బలేమిటి?" అన్నాను.

వాడు నావైపు వింతగా చూశాడు. "నువ్వు చూడలేదా?"

చూడలేదు. జనగామలో హాలు యజమాని టేపు ఆపేసేవాడు. తరువాత నాకై నేను ఈ సినిమాల జోలికి పోలేదు. మొన్నటి పట్టుదలలో చూసినవి కూడా పోరాటాల ముక్కలే.

ఆ రాత్రి తమ్ముడి కొడుకు టీవీలో సినిమా పెట్టాడు. పన్నెండేళ్లవాడు. ఏ సినిమా పెడతాడో నేను అడగలేదు. చూస్తూ ఉండగా కోటగోడా, చెట్టూ వచ్చాయి. నేను నీళ్లగ్లాసు వెతుక్కున్నాను. తమ్ముడు మామూలుగానే కూర్చున్నాడు. సినిమా అయిపోయింది, పేర్లు పడడం మొదలైంది. నేను అలవాటు ప్రకారం లేచాను.

"కూసో అన్నా. అసలుది ఇప్పుడున్నది."

పేర్ల పక్కన తెరమీద చిత్రీకరణలో తప్పిపోయిన ఘట్టాలు చూపిస్తున్నారు. అమెరికాలో 'కేనన్‌బాల్ రన్' అనే సినిమాలో వేషం వేసినప్పుడు జాకీచాన్ ఈ పద్ధతి చూసి నేర్చుకున్నాడట. అక్కడివాళ్లు మాటలు తడబడ్డవి చూపి నవ్వించేవారు. ఈయన తన సినిమాల్లో పడినవి చూపించాడు. అందులో ఆ చెట్టు మళ్లీ వచ్చింది. యుగోస్లావియాలో తీశారు దాన్ని. దూకడం ఒకసారి బాగానే వచ్చింది. ఇంకా బాగా రావాలని మళ్లీ దూకాడు. ఈసారి కొమ్మ విరిగింది. కింద రాయి. తల పగిలి, పుర్రెకు శస్త్రచికిత్స జరిగింది. ఒక చెవికి వినికిడి తగ్గింది. తెరమీద మనుషులు పరుగెత్తి రావడం, ఆయనను ఎత్తుకుపోవడం చూశాను. ఇవన్నీ మా వీడియో హాలు టేపులో, యజమాని ఆపేసిన చోటికి కాస్త అవతలే ఉన్నాయన్నమాట.

"బాపు గూడ గిట్లనే పడ్డడట పెద్దబాపూ. తేనెతుట్టె కోసం వేపచెట్టెక్కి" అన్నాడు పిల్లవాడు.

తమ్ముడు టీవీవైపే చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ల తరువాత కూడా, తన కొడుక్కి చెప్పిన కథలో కూడా నన్ను కలపలేదు వాడు.

"తేనెతుట్టె కాదురా" అన్నాను. చెప్పాను. వీడియో హాలు, రెండు రూపాయలు, గోడ, నేనన్న మాట, గ్రంథాలయం, ఇంకుపెన్ను, అన్నీ. వంటింటి గుమ్మంలో మరదలు చాయ కప్పులు పట్టుకుని ఆగిపోయింది. బాపుకు చెప్పవలసినది పన్నెండేళ్ల పిల్లవాడికి చెప్పాను.

వాడు అంతా విని, పిల్లలకు తోచే ప్రశ్నే వేశాడు. "మరి మీరు దుంకలేదా పెద్దబాపూ?"

"కొమ్మ విరిగింది గదరా" అన్నాను.

"ఇంకా కొమ్మలుండె" అన్నాడు తమ్ముడు.

అని నవ్వాడు. వీడియో హాలులో పట్టా మీద దొర్లినప్పటి నవ్వే. నాకు నవ్వు రాలేదు. మరదలు, "చాయ చల్లారుతుంది బావా" అంది. తమ్ముడు కుడిచెయ్యి చాపి కప్పు అందుకుని నాకిచ్చాడు. తరువాత కొడుకుతో, "'ప్రాజెక్ట్ ఏ' పెట్టు బిడ్డా. గడియారం మీదకెంచి పడేది మీ పెద్దబాపు చూడలే. ఆఖరుదాంక ఉండనియ్యి" అన్నాడు.