క్యాసెట్ తిప్పితే మాయాబజార్

హిట్స్ ఆల్బమ్‌లలో నాకు ప్రాణం ఘంటసాల పాటల క్యాసెట్. నరసాపురంలో మధ్యాహ్నాలు అమ్మ, పిన్ని అరుగు మీద లేసు అల్లుతుంటే పక్కన టేప్ రికార్డర్ పాడుతూ ఉండేది. ఒకవైపు మల్లీశ్వరి (1951), దేవదాసు (1953). తిప్పితే మాయాబజార్ (1957). రాజేశ్వరరావు గారి బాణీ, సుబ్బురామన్ గారి బాణీ, ఘంటసాల గారి సొంత బాణీ. ఏది పాడినా ఆ పాత్రే మన ముందు నిలబడేది. రీలు చిక్కుపడితే పెన్సిల్‌తో జాగ్రత్తగా చుట్టేవాళ్లం.

ఆయన 1974లోనే వెళ్లిపోయారు. నేను పుట్టింది ఆ తర్వాతే. అయినా ఇంట్లో మనిషే అనిపిస్తారు.

ఇవాళ సఖినేటిపల్లి వెళ్లే పంటు మీద ఎవరి ఫోన్లోనో అదే గొంతు. గోదారి మధ్యలో అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మీ ఇంట్లో అరిగిపోయిన క్యాసెట్ ఏది? చెప్పండి.