రోగం లేని ఏళ్ళలో

పశువుల రోగాలను ఎదుర్కోవడానికి ప్రభుత్వాలు ఎలా సిద్ధపడతాయో మాంచెస్టర్ నుంచి రాయమన్నారు సంపాదకులు. నూలు మిల్లుల ఊరికీ గొడ్లకూ ఏం సంబంధమని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంబంధం మోడ్ వీల్ లాకుల దగ్గర దొరుకుతుంది. 1894లో తెరిచిన షిప్ కెనాల్‌లో సాల్ఫర్డ్ డాకులకు ముందు వచ్చే చివరి లాకులు ఇవి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరికి ఓడలు నేరుగా వచ్చేవి, వాటిలో అట్లాంటిక్ దాటి వచ్చిన పశువులూ ఉండేవి. వాటి కోసం ఇక్కడ విదేశీ పశువుల రేవు కట్టారు. ఓడ దిగే చోటే కొట్టాలు, ఆ పక్కనే కబేళా. దిగిన పశువు ప్రాణంతో ఊళ్ళోకి పోకూడదని 1896 నాటి చట్టం. స్థానిక రైతుల వ్యాపారాన్ని కాపాడటానికే ఇదంతా అని కెనడా వాళ్ళు మొత్తుకున్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. అయినా ఆ రేవు నాకు గొప్పగా తోస్తుంది. పశురోగం మీద ప్రభుత్వానికి ఉన్న భయం ఇక్కడ అలమరలో ఫైలుగా పడి ఉండలేదు. అది ఇటుకా సున్నమై, తలుపులై, జీతం తీసుకునే మనుషులై ఏడాది పొడవునా పనిచేసింది. ఇప్పుడు లాకులున్నాయి, నీళ్ళున్నాయి, డాకులు మూతపడ్డ చోట కొత్త అద్దాల భవనాలున్నాయి. రేవు ఆనవాలు మాత్రం నా కంటికి కనబడలేదు. రేవు పోయినందుకు బాధ లేదు, బతికున్న పశువులతో ఓడలు రావడమే ఆగిపోయింది. దాన్ని కట్టించిన ఆలోచన కూడా దానితోపాటే పోయిందేమోనన్నదే నా దిగులు.

ఆ ఆలోచన ఊరికే రాలేదు. 1865 వేసవిలో, బాల్టిక్ తీరం నుంచి హల్ రేవులో దిగిన పశువులతో ముసర వ్యాధి బ్రిటన్‌లో అడుగుపెట్టింది. మన పల్లెల్లో పెద్దరోగమన్నది ఇదే. జాన్ గామ్‌గీ అనే పశువైద్యుడు ఈ ప్రమాదం గురించి అంతకు ముందే హెచ్చరించాడు, ఎవరూ వినలేదు. రోగం వచ్చాక వేసిన రాయల్ కమిషన్‌లో ఎక్కువమంది పశువుల కదలికను దేశమంతటా ఆపేయాలన్నారు. ప్రభుత్వం మాత్రం నిర్ణయాన్ని జిల్లాల న్యాయాధికారులకు వదిలేసి నెలలు గడిపింది. మాంచెస్టర్‌కు పాలు పోసే పక్క కౌంటీ చెషైర్‌లో పాడి మందలు ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. చివరికి 1866 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టం చేసింది: రోగం తగిలిన పశువును చంపాలి, రైతుకు పరిహారం ఇవ్వాలి. అదే ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పశువ్యాధుల చట్టం వచ్చింది. కృష్ణా, గోదావరి జిల్లాల పశువులు కూడా ఆ చట్టం కిందికే వచ్చాయి. చట్టాల వయసు చూస్తే మనం బ్రిటన్ కంటే వెనకబడి లేము.

నా వాదన ఇది. పశురోగాల విషయంలో ప్రణాళిక బలం రోగం వచ్చిన ఏడాదిలో తేలదు, రాని ఏళ్ళలో తేలుతుంది. దీనికి బ్రిటన్ రుజువు. 1967 అక్టోబరులో ఆస్వెస్ట్రీ దగ్గర గాలికుంటు బయటపడి చెషైర్ మైదానం మీదికి పాకింది. 2,300కు పైగా చోట్ల రోగం కనిపించింది, 4 లక్షలకు పైగా పశువులను చంపారు. దాని మీద నార్తంబర్లాండ్ డ్యూక్ అధ్యక్షతన వేసిన సంఘం 1969లో ఇచ్చిన నివేదిక చాలా మంచిది. సైన్యాన్ని తొందరగా పిలవండి, కళేబరాలను కాల్చడం కంటే పూడ్చడం మేలు అని అది అప్పుడే చెప్పింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు దాదాపు ప్రశాంతంగా గడిచాయి. ఆ ప్రశాంతతలోనే ప్రభుత్వ పశువైద్య శాఖ చిక్కిపోయింది, నివేదిక చదివినవాళ్ళు రిటైరయ్యారు. 2001 ఫిబ్రవరి 20న మళ్ళీ గాలికుంటు నిర్ధారణ అయ్యే నాటికి ప్రభుత్వం దగ్గర ప్రణాళిక ఉంది. కానీ అది ఏకకాలంలో పది చోట్ల రోగం వస్తే ఏం చేయాలన్న లెక్క మీద రాసుకున్నది. నిర్ధారణ జరిగేసరికే వైరస్ కనీసం 57 చోట్లకు చేరిపోయింది. పశువుల కదలికను దేశమంతటా ఆపడానికి మరో మూడు రోజులు పట్టింది. సైన్యం రావడానికి దాదాపు నెల పట్టింది. పూడ్చమన్నవాటిని చితులు పేర్చి కాల్చారు, ఆ మంటలను ప్రపంచమంతా టీవీల్లో చూసింది. మొత్తం 2,026 కేసులు, 60 లక్షలకు పైగా మూగజీవాలు. ఖజానాకు 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు, ప్రైవేటు రంగానికి 500 కోట్లకు పైగా నష్టం.

ఆరేళ్ళ తర్వాత సర్రేలో పిర్‌బ్రైట్ పరిశోధనా కేంద్రం ఆవరణ నుంచే వైరస్ బయటికి పొక్కింది. అది సిగ్గుపడాల్సిన సంగతే. కానీ 2007 ఆగస్టు 3న నిర్ధారణ అయిన రోజే దేశమంతటా కదలికలు ఆపారు. రోగం ఎనిమిది చోట్లతో ఆగింది. ఇది అదృష్టమే తప్ప ప్రణాళిక గొప్పతనం కాదని వాదించేవాళ్ళున్నారు. 2001లో గొర్రెలు సంత నుంచి సంతకు తిరుగుతూ రోగాన్ని మోశాయి, సర్రేలో ఆ పరిస్థితి లేదు. ఈ మాట కొట్టిపారేయలేను. అయినా 2001లో పోగొట్టుకున్న మూడు రోజులను 2007లో పోగొట్టుకోకపోవడం అదృష్టం కాదు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరి సంతకంతో సంతలు మూయాలో తెలిసిన మనుషులు అప్పటికి ఇంకా కుర్చీల్లో ఉన్నారు, పాత గాయం ఇంకా మానలేదు. గాయం మానిన తర్వాతి సంగతి బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2025 జూన్ నివేదికలో ఉంది. పెద్ద ఎత్తున రోగం వస్తే యంత్రాంగం తట్టుకోవడం కష్టమనీ, ప్రభుత్వ పశువైద్యుల ఖాళీలు ఎక్కువగా ఉన్నాయనీ అది హెచ్చరించింది. ఆ ఏడాదే జనవరిలో జర్మనీలో, మార్చిలో హంగరీ, స్లొవేకియాల్లో గాలికుంటు మళ్ళీ తలెత్తింది.

అసలు చంపడమే తప్పు కదా అన్నది ఇంకా లోతైన అభ్యంతరం. పశువైద్యం చదివి చరిత్రకారిణి అయిన అబిగైల్ వుడ్స్ ఈ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే బ్రిటన్ గాలికుంటు చరిత్ర మీద పరిశోధన చేశారు, 2004లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆమె చెప్పేదాని సారం నాకు అర్థమైనంతలో ఇది: చాలా పశువులు తట్టుకుని లేచే రోగాన్ని మహమ్మారిగా నిలబెట్టింది వ్యాపారమూ విధానమూ, నరకడం ఒక్కటే దారి అన్నది ప్రకృతి నియమం కాదు. నేను ఒప్పుకుంటాను. పైగా మన రైతు ఇంటి గేదెను నరకమంటే ఊరు ఊరుకోదు, మనకు టీకాయే దారి. అయితే టీకా దారి పట్టినా రోగాన్ని మొదటి రోజే గుర్తుపట్టే మనిషి కావాలి. ముసర వ్యాధి విషయంలో భారతదేశం దీన్ని చేసి చూపించింది. 1954లో మొదలైన టీకాల కార్యక్రమం నాలుగు దశాబ్దాలు నడిచింది, 1995 తర్వాత దేశంలో ఆ రోగం కనబడలేదు. అయినా పని ఆపలేదు. టీకాలు మానేశాక ఊరూరా తిరిగి, ఎక్కడా లేదని రుజువు చేశాకే గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమే ఆ రోగం నుంచి బయటపడిందని ప్రకటించారు. రోగం లేని ఏళ్ళలో జీతాలిచ్చి మనుషులను తిప్పడం దండగ అనేవాళ్ళకు నా జవాబు ఇదే. పైగా ఆ మనుషులు ఖాళీగా కూర్చోరు. పొదుగువాపు, చూడి కట్టకపోవడం, గొంతువాపు టీకాలు, వాళ్ళకు రోజూ పని ఉంటుంది. రోజూ దొడ్లోకి వచ్చే డాక్టరుకే రైతు కొత్త రోగం సంగతి చెప్తాడు.

ఇప్పుడు మాంచెస్టర్‌కు పశువుల రేవు విమానాశ్రయమే. 2001 వైరస్ దొంగచాటుగా వచ్చిన మాంసంతో చేరి, ఉడకబెట్టని ఎంగిలి కూడు తిన్న పందులకు సోకిందనే ఎక్కువమంది నమ్ముతారు. హైదరాబాద్ నుంచి వచ్చే మనవాళ్ళ పెట్టెల్లో మటన్ పచ్చడినీ పాలకోవానూ అధికారులు తీసి పారేయిస్తే అవమానంగా అనిపించడం సహజం, అమ్మ చేసి పంపినది కదా. కానీ చెషైర్ పాడి రైతు వైపు నుంచి చూస్తే ఆ నిషేధం న్యాయమే. 2025 ఏప్రిల్ నుంచి యూరప్ ప్రయాణికులకూ దాన్ని వర్తింపజేశారు.

మన వైపు లోపం మరో చోట ఉంది. 2009 నుంచి మనకు కేంద్ర చట్టం ఉంది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాలకు 2019లో 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు, 2030కల్లా గాలికుంటును నిర్మూలించాలన్నది లక్ష్యం. అయినా 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు కోళ్ళలో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల తేల్చేటప్పటికే, అంతకు చాలా రోజుల ముందు నుంచి కోళ్ళు చస్తున్నాయి. రోగం దాచిపెట్టారని ఫారం యజమానులను తిట్టడం సులువు. చెబితే షెడ్డు ఖాళీ అవుతుందని, పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదని అనుకునే మనిషి ఎందుకు చెప్తాడు? చంపే అధికారాన్నీ పరిహారాన్నీ బ్రిటన్‌లో 1866లోనే ఒకే చట్టంలో పెట్టారు. మన ప్రభుత్వాలు పరిహారం రేట్లు ప్రకటిస్తున్నాయి. ఎన్ని రోజుల్లో రైతు ఖాతాలో పడుతుందో కూడా ప్రకటించి, ఆ గడువు దాటితే ఏ అధికారి జవాబు చెప్పాలో అదే ఉత్తర్వులో రాయాలి.